తిరగేసిన దండం

గుండ్లవంక మండల ప్రజలకు ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, ఇకమీదట బహిరంగ స్థలాల్లో దండం పెట్టేవారు వేళ్లు ఆకాశం వైపు ఉండేటట్టుగా మాత్రమే పెట్టవలెను. అరచేతుల వీపులు కలిపి, వేళ్లు నేలకు దించి పెట్టే దండాలు దండాలుగా పరిగణింపబడవు. అటువంటి దండం పెట్టినవారి మీద, పెట్టించినవారి మీద, చూసి నవ్వినవారి మీద తగు చర్య తీసుకోబడును.

ఈ ప్రకటనను ఆటోకు మైకు కట్టి ఊరంతా తిప్పారు. మా ఊళ్లో ఎవరూ ఆశ్చర్యపోలేదు. పత్తికొండ మార్కెట్లో టమాటాలు దించి ఖాళీగా పోతున్న లారీ డ్రైవరు ఒకాయన మాత్రం బండి ఆపి, "ఏమప్పా, మీ ఊర్లో దండం గుడక గవర్మెంటు చేతికి పోయిందా?" అని అడిగాడు. పాపం బయటి మనిషి, వివరం తెలీదు. ఆ వివరం చెప్పడానికే ఇది రాస్తున్నాను. నేను ఈ మండలం నుంచి ఒక దినపత్రికకు వార్తలు పంపుతుంటాను. కాబట్టి జరిగినదంతా నాకు తెలుసు, అందులో ఏదీ నేను అప్పట్లో రాయలేదు.

అంతా ఒక రొట్టెతో మొదలైంది.

డోన్‌కు పోయే రోడ్డు మలుపులో సుంకులమ్మ జొన్నరొట్టెల కొట్టు ఉంది. ఒక రేకుల పందిరి, రెండు పొయ్యిలు, రెండు బెంచీలు. ఒక బెంచీ మండలాధ్యక్షులు దేవేంద్రప్ప గారి వర్గానిది. రెండోది మాజీ అధ్యక్షులు రంగనాథ్ గారి వర్గానిది. ఈ రెండు వర్గాలూ పెళ్లికి పిలుచుకోవు, చావుకు పలకరించుకోవు. కానీ సుంకులమ్మ రొట్టె కోసం మాత్రం వీపులు ఆనించుకొని కూర్చుంటాయి. మండలంలో శాంతిభద్రతలు అంతో ఇంతో నిలబడ్డాయంటే అందులో వంకాయ కూరకూ, చెనక్కాయల కారానికీ పాత్ర ఉందని పెద్దలు ఒప్పుకుంటారు.

జొన్నరొట్టె తట్టడం చూడనివాళ్ల కోసం ఒక మాట. వేడినీళ్లతో పిసికిన పిండిముద్దను చెక్క మీద పెట్టి, అరచేత్తో తడుతూ తిప్పుతూ పోతే అది పల్చగా, గుండ్రంగా సాగుతుంది. చపాతీకి మల్లే కర్ర సాయం ఉండదు. అంతా మణికట్టే. సుంకులమ్మ పొద్దున పొయ్యి వెలిగించింది మొదలు ఆర్పేదాకా ఆ మణికట్టు ఆగదు. పెళ్లయి ఈ ఊరొచ్చినప్పటి నుంచీ ఆమె చేసింది అదే. ఆ రొట్టెలు తిని మేమంతా పెద్దవాళ్లమయ్యాం, కొందరు నాయకులు కూడా అయ్యారు.

అటువంటి చేతి నుంచి ఒక రోజు రొట్టె వంకరగా వచ్చింది. ఒక పక్క మందం, ఒక పక్క అంచు చీలి ఉంది. మరునాడూ అంతే. బెంచీల మీద ఆందోళన మొదలైంది. మొదటి వైద్యపరీక్ష రొట్టెకే జరిగింది. అధ్యక్షుల బెంచీ రొట్టెను వెలుతురుకు పెట్టి చూసి, జొన్నల్లో కల్తీ ఉందని తేల్చింది. మాజీల బెంచీ దాన్ని తుంచి వాసన చూసి, కల్తీ జొన్నల్లో కాదు, ఇప్పటి పాలకులు వదులుతున్న కొళాయి నీళ్లలో ఉందని తేల్చింది. రెండు బెంచీలూ ఒక్క విషయంలో ఏకీభవించాయి. సుంకులమ్మకు ఈమధ్య పని మీద ధ్యాస తగ్గింది.

రెండో పరీక్ష పక్కింటి పెద్దక్క చేసింది. ఎండుమిరపకాయలు, ఉప్పు దిగదుడిచి పొయ్యిలో వేసింది. ఘాటు రాలేదు, కాబట్టి దిష్టి ఉన్నట్టు రుజువైంది. ఘాటు వచ్చి ఉంటే దిష్టి ఇంకా పోలేదని రుజువయ్యేది. ఈ పరీక్ష ఇంతవరకూ ఎవరి విషయంలోనూ తప్పలేదు.

మూడో పరీక్ష ఏసేపుది. ఏసేపు డాక్టరు కాదు గానీ, మా మండలంలో డాక్టరు అంటే ఏసేపే. ఆయన చెయ్యి పట్టుకోకుండా, నాలుక చూడకుండా, రోగి గడప దాటి లోపలికి వచ్చేలోపే రోగం చెప్పగలడు. ఎందుకంటే ఆయన దగ్గర ఉన్న రోగం ఒక్కటే. "గ్యాసు," అన్నాడు. "పొట్టలో పుట్టి, చోటు చాలక చేతిలోకి ఎక్కింది." సూది వేశాడు. గ్యాసు పొట్టలోకి దిగే దాకా రొట్టెలు తినవద్దన్నాడు. తట్టవద్దని మాత్రం అనలేదు, ఎందుకంటే మధ్యాహ్నం ఆయనకు పార్సిలు పోవాలి.

ఇన్ని పరీక్షలు జరిగేటప్పుడు సుంకులమ్మను ఎవరూ అడగలేదనడం తప్పు. ఎవరూ అడగకపోయినా ఆమె చెప్పింది.

"రొట్టెకేం కాలేదు సామీ, చెయ్యికే అయింది. బొటనేలు, దాని పక్కేళ్లు మొద్దుబారిపోతాండాయి. పిండి మెత్తగుండాదో గట్టిగుండాదో తెలీడంల్యా. పండుకుంటే సూదులతో పొడిచినట్లయి మెలకువొస్తాది. చెయ్యి ఇదిలిచ్చుకుంటా కూచుంటా. శానా బాధగుండాది."

మేము చాలా సానుభూతితో విన్నాం. విని, రొట్టె ఇంకొంచెం పల్చగా తట్టమన్నాం.

ఆ రోజుల్లోనే మా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి కడప నుంచి డాక్టర్ సాహితి వచ్చింది. ఆమెకు కొన్ని చెడ్డ అలవాట్లు ఉండేవి. చెప్పిన వేళకు వచ్చేది. రోగం ఏమిటని రోగినే అడిగేది. చెప్పింది చివరిదాకా వినేది. ఇటువంటివి మొదట్లో అందరికీ ఉంటాయి, సర్దుకుంటాయి అని మేము ఊరుకున్నాం.

సుంకులమ్మ కోడలు శివలీల అత్తను అక్కడికి పిలుచుకొని పోయింది. వార్త ఏమైనా దొరుకుతుందేమోనని నేనూ వెళ్లాను. డాక్టరమ్మ చెప్పినదంతా విని, ఒక్క ప్రశ్న అడిగింది.

"చిటికెనేలికి గుడక ఉండాదా?"

సుంకులమ్మ ఆలోచించింది. "లేదమ్మా. ఆ ఒక్కదానికే లేదు."

డాక్టరమ్మ ముఖం వెలిగింది. సుంకులమ్మ మణికట్టును తిరగేసి, లోపలి వైపు నడుమ వేలితో టకటకా తట్టింది. సుంకులమ్మ ఉలిక్కిపడి, కరెంటు తీగ తగిలినట్టు వేళ్ల దాకా జిల్లుమందని చెప్పింది. తర్వాత డాక్టరమ్మ తన చేతులతోనే చేసి చూపించింది. రెండు అరచేతుల వీపులు ఒకదానికొకటి ఆనించి, వేళ్లు నేలకు దించి, మోచేతులు ఎత్తి, ఒక నిమిషం అట్లే ఉండాలి. దండాన్ని తలకిందులు చేస్తే ఎట్లుంటుందో అట్లుంది. సుంకులమ్మ నిమిషం ఉండలేకపోయింది. సగంలోనే, "తిమురెక్కిందమ్మా, తిమురెక్కింది," అని చెయ్యి విదిలించుకుంది.

"ఇంగ ఏమీ అనుమానం లేదు," అంది డాక్టరమ్మ. "మణికట్టు కాడ సొరంగం మాదిరి ఒక దోవ ఉంటుందమ్మా. వేళ్లకు పోయే నరం దాంట్లోంచే పోవల్ల. ఏండ్ల తరబడి తట్టీ తట్టీ ఆ దోవ ఇరుకైపోయింది. నరం నలుగుతాండాది. చిటికెనేలి నరం వేరే దోవన పోతాది, అందుకే అది బాగుండాది. కర్నూలులో చిన్న ఆపరేషన్ చేస్తారు, అదే రోజు ఇంటికి రావచ్చు. ఒకటే మాట గుర్తు పెట్టుకో. బొటనేలి కింద ఈ కండ చూడు, ఇప్పుడిప్పుడే మెత్తబడతాండాది. ఇది కరిగిపోయినాక నరాన్ని ఇడిపిచ్చినా కండ తిరిగి రాదు. అంతకుముందే పోవల్ల."

సుంకులమ్మ తన బొటనవేలి కింది కండను ఎడమచేత్తో పట్టుకొని చూసుకుంది. అట్లా ఒకటి ఉందని ఆమెకు ఇన్నేళ్లూ తెలియదు.

యంత్రం లేకుండా, సూది లేకుండా, ఒక ప్రశ్నతో, ఒక తట్టుతో, ఒక దండంతో రోగం తేలిపోయింది. ఇంత సులువుగా ఏదైనా తేలడం మా మండలంలో ఎవరికీ నచ్చదు. ఆపరేషన్ చేసే పెద్దాసుపత్రికి కూడా నచ్చలేదు. నరంలో కరెంటు ఎంత వేగంగా పోతున్నదో యంత్రం మీద కొలిచిన కాగితం తెమ్మన్నారు. డాక్టరమ్మ వాళ్లతో వీళ్లతో మాట్లాడి, కర్నూలులో ఆ యంత్రం కాడికి ఒక తేదీ ఇప్పించింది. సుంకులమ్మ ఆ తేదీ కోసం పండగకు మల్లే ఎదురుచూడసాగింది.

అంతటితో ఆగి ఉంటే డాక్టరమ్మ ఇప్పటికీ ఇక్కడే ఉండేది. కానీ ఆమెకు ఇంకో ఆలోచన వచ్చింది. రొట్టెలు తట్టేవాళ్లు, టమాటాలు ఏరేవాళ్లు, బట్టలుతికేవాళ్లు ఇంకెంతమంది చేతులు విదిలించుకుంటున్నారో చూద్దామని స్కూలు ఆవరణలో ఒక వైద్యశిబిరం పెట్టింది. శిబిరం ఉంటే షామియానా ఉంటుంది. షామియానా ఉంటే ప్రారంభోత్సవం ఉంటుంది. దేవేంద్రప్ప గారికి కబురు పోయింది.

ఆయన చెప్పిన వేళకు గంటన్నర ఆలస్యంగా, అంటే సరిగ్గా మేము అనుకున్న వేళకు వచ్చారు. అంతదాకా ఆడవాళ్లను ఊరికే నిలబెట్టడం ఎందుకని, ఎట్లా పెట్టాలో చూపడానికి సుంకులమ్మను ముందు నిలబెట్టి డాక్టరమ్మ పరీక్ష మొదలుపెట్టింది. ఆయన కారు దిగి, పూలదండ మెడలో వేయించుకొని, రెండు చేతులూ జోడించి చిరునవ్వుతో షామియానాలోకి అడుగుపెట్టేసరికి, ఎదురుగా వరసలో నిలబడిన ఆడవాళ్లందరూ ఆయన వైపు చూస్తూ దండాన్ని తిరగేసి పెట్టి ఉన్నారు.

ఇక్కడ మా ప్రాంతం గురించి ఒక మాట చెప్పాలి. మా వైపు దండం అంటే ఊరికే చేతులు కలపడం కాదు. ఎవరు ముందు పెట్టారు, ఎవరు కూర్చొని పెట్టారు, ఛాతీ కాడికి పెట్టారా, నుదుటి దాకా ఎత్తారా అన్నీ లెక్కలోకి వస్తాయి. తాత పెట్టిన దండానికి ఎదురు దండం రాలేదని మనవళ్లు కూడా మాట్లాడుకోని ఇళ్లు ఇక్కడ ఉన్నాయి. అటువంటి చోట ఒక ప్రజానాయకుడి ముఖం మీద, వరసగా, తలకిందుల దండం!

"ఏమ్మే, ఏందిది?" అన్నారు దేవేంద్రప్ప గారు. ఆయన చేతులు ఇంకా జోడించే ఉన్నాయి. "ఎవురికి పెడతాండారు ఈ దండం? సుంకులమ్మా, నువ్వు గుడకనా?"

సుంకులమ్మ బెదిరిపోయి ఉన్న నిజం చెప్పింది. "తిమురెక్కింది సామీ. అందుకే ఇట్ల పెడతాండాము."

మా వైపు తిమురు అనే మాటకు రెండు అర్థాలు. పనిచేసే వాళ్ల నోట వస్తే మొద్దుబారడం. కుర్చీలో ఉన్నవాళ్ల చెవిన పడితే పొగరు. దేవేంద్రప్ప గారు కుర్చీలో ఉన్నారు.

"ఇన్నారా? తిమురెక్కిందంట! మొగం మీదనే చెప్తాండాది!"

డాక్టరమ్మ పరుగున వచ్చి నచ్చజెప్పబోయింది. ఇది పరీక్ష అనీ, మణికట్టులో సొరంగం ఉంటుందనీ అంది. ఆ మాట కూడా అనకుండా ఉండాల్సింది. మా సీమలో సొరంగం అంటే ఒక్కటే అర్థం, కొండ తవ్వి నీళ్లు తెచ్చేది. దేవేంద్రప్ప గారు మైకు అందుకున్నారు.

"సోదర సోదరీమణులారా! ఈరోజు ఒక భయంకరమైన నిజం బయటపడింది. మన సుంకులమ్మ చేతిలో సొరంగం ఉందని స్వయంగా డాక్టరుగారే సెలవిచ్చారు. ఈ సొరంగాన్ని ఎవరు తవ్వారు? ఎవరి హయాంలో తవ్వారు? సొరంగమంటే బిరబిరా పారాలి! ఇరుకు సొరంగం కట్టి ఒక పేద మహిళ నరాన్ని నలిపిన పాపం గత పాలకులది కాదా? దీని వెడల్పు పనులకు నేను ఈ వేదిక మీదనే శంకుస్థాపన ప్రకటిస్తున్నాను. అయితే, వారి మాటలు నమ్మి నాకు తలకిందుల దండం పెట్టిన వారిని మాత్రం చట్టం చూసుకుంటుంది!"

చప్పట్లు మోగాయి. ఆడవాళ్లలో సగం మంది చప్పట్లు కొట్టలేక చేతులు విదిలించుకున్నారు. దాన్ని కూడా నిరసనగానే రాసుకున్నారు.

సాయంత్రానికి, ఆ దండాల వరసను ఎవరో తీసిన ఫొటో మాజీ అధ్యక్షులు రంగనాథ్ గారి ఫోనులోకి చేరింది. ఆయన దాన్ని చాలాసేపు చూశారట. ఇన్నేళ్లుగా ఆయన పార్టీకి ఒక గుర్తింపు లేదు. ఇప్పుడు దేవుడిచ్చినట్టు ఒక గుర్తు దొరికింది. రాత్రికి రాత్రే తిరగేసిన దండం బొమ్మతో ఫ్లెక్సీలు తయారయ్యాయి. "సుంకులమ్మ పెట్టిన దండం, అహంకారానికి గండం" అని రాయించారు. సుంకులమ్మ బొమ్మ కూడా వేశారు గానీ, ఫ్లెక్సీలో చోటు చాలక చేతులు కత్తిరించారు.

డోన్ రోడ్డు మీద మహా నిరసన జరిగింది. ప్రభుత్వం దిగివచ్చే వరకు తిరగేసిన దండం దించేది లేదని రంగనాథ్ గారు పిలుపిచ్చారు. అందరూ ఒక్కసారిగా అరచేతుల వీపులు కలిపారు. నిమిషం గడవకముందే వింత మొదలైంది. టమాటాలు ఏరేవాళ్లు చేతులు దించేశారు. రాళ్లు కొట్టేవాళ్లు దించేశారు. రొట్టెలు తట్టేవాళ్లు, బట్టలు కుట్టేవాళ్లు, బండలు పాలిష్ పట్టేవాళ్లు ఒకరి తర్వాత ఒకరు చేతులు విదిలించుకుంటూ పక్కకు జరిగారు. చివరికి రోడ్డు మధ్యలో రంగనాథ్ గారు, ఆయన తమ్ముడు, ఇద్దరు కాంట్రాక్టర్లు మాత్రమే దండం దించకుండా మిగిలారు. వాళ్ల చేతులకు ఏమీ కాలేదు. వాళ్ల చేతులకు ఎప్పుడూ ఏమీ కాలేదు.

దించినవాళ్లందరూ అవతలివర్గానికి అమ్ముడుపోయారని రంగనాథ్ గారు ప్రకటించారు. దించిన వాళ్లలో నిజాయితీ ఉందని దేవేంద్రప్ప గారు ప్రకటించి, వాళ్లను ఇంటికి పిలిచి సీదా దండం పెట్టించుకున్నారు. ఆరోగ్య కేంద్రం గేటు దగ్గర నిలబడి ఇదంతా చూసిన డాక్టరమ్మ మాత్రం, "ఇంతమందిని పరీక్ష చేయాలంటే నాకు ఏడాది పట్టేది," అని నాతో అంది. ఆమెకు ఆ ఏడాది దొరకలేదు. ఆ వారమే బదిలీ ఉత్తర్వు వచ్చింది. సంప్రదాయ విరుద్ధమైన శారీరక భంగిమలను ప్రజల్లో ప్రోత్సహించిందని అందులో ఉంది. పోతూ పోతూ ఆమె రొట్టెల కొట్టు దగ్గర బస్సు ఆపించి దిగింది. సుంకులమ్మ చెయ్యి తిప్పి చూసి, "తేదీ మరచిపోవద్దు. ఏం జరిగినా పో," అని చెప్పి ఎక్కింది.

ఇక విచారణ. దండం వైద్యమా, రాజకీయమా అని తేల్చడానికి ఒక అధికారిని వేశారు. ఆయన చాలా నిష్పాక్షికమైన మనిషి, ఏ విషయమూ తెలియకుండానే వచ్చారు. ముఖ్య సాక్షి సుంకులమ్మ కాబట్టి విచారణ ముగిసేదాకా ఆమె మండలం దాటరాదని మొదటి రోజే ఉత్తర్వు ఇచ్చారు. యంత్రం తేదీ ఆ తర్వాతి సోమవారం.

విచారణ శాస్త్రీయంగా జరిగింది. దండం ఎట్లా పెట్టిందో చూపమన్నారు. చూపింది. ఫొటో సరిగా రాలేదని మళ్లీ చూపమన్నారు. ఫొటోలో కదలిక తెలియదని వీడియో కోసం చూపమన్నారు. ఉభయపక్షాల సమక్షంలో చూపితేనే చెల్లుతుందని ఇంకోసారి. ఉభయపక్షాలూ ఒకే రోజు రామంటే, ఒకసారి వీళ్ల ముందు, ఒకసారి వాళ్ల ముందు. ప్రతిసారీ పూర్తి నిమిషం. మధ్యలో దించితే వాంగ్మూలం అసంపూర్ణం. ఆమె పళ్లు బిగబట్టి నిలబడేది. ఆమె కళ్లలో నీళ్లు రావడాన్ని అధికారి గమనించి, పశ్చాత్తాపం అని రాయించారు.

సోమవారం దగ్గరపడింది. సుంకులమ్మ ఆయన ముందు నిలబడి అడిగింది.

"నాకు ఈ దండాల గలాటా వద్దు సామీ. సీదాగా పెట్టమంటే సీదాగా పెడతా, తిరగేసి పెట్టమంటే తిరగేసి పెడతా. ఎవురికి పెట్టమంటే వాళ్లకు పెడతా. నన్ను ఒక్క దినం కర్నూలుకు పోనియ్యండి. ఈ కండ కరిగిపోతే మల్ల రాదంట. నాకు దండాలెందుకు సామీ, చెయ్యి కావల్ల."

అధికారి శ్రద్ధగా విని, పక్కనున్న గుమాస్తాకు చెప్పి రాయించారు. "సాక్షి ఎవరికైనా, ఎటువంటి దండానికైనా సిద్ధమేనని స్వచ్ఛందంగా అంగీకరించినది. కావున మరింత లోతైన విచారణ అవసరం."

నాకు ఆ రోజు నిజంగా కోపం వచ్చింది. కానీ మా పత్రికలో మండల వార్తలకు ఇచ్చే జాగాలో కోపం పట్టదు. ఆ రోజు నేను పంపిన వార్త, విచారణ ప్రశాంతంగా సాగుతున్నదని.

సోమవారం వచ్చింది, పోయింది. ఇంకో తేదీ ఇప్పించడానికి డాక్టరమ్మ లేదు. సుంకులమ్మ రొట్టెలు తడుతూనే ఉంది. తట్టకపోతే పొయ్యి ఎట్లా వెలగాలి? రొట్టెలు రోజురోజుకూ మందంగా, కోలగా రాసాగాయి. దేవేంద్రప్ప గారి బెంచీ అది నిరసన రొట్టె అంది. రంగనాథ్ గారి బెంచీ అది లొంగిపోయిన రొట్టె అంది. రెండు బెంచీలూ తినడం మాత్రం మానలేదు.

ఎండాకాలం పోయి, చెనక్కాయలు వేసి, అవి కూడా పీకే రోజులు వచ్చాక విచారణ అనుకోకుండా ముగిసింది. రంగనాథ్ గారు దేవేంద్రప్ప గారి పార్టీలో చేరిపోయారు. అభివృద్ధి కోసమని ఇద్దరూ చెప్పారు. ఎవరి అభివృద్ధి అని ఎవరూ అడగలేదు. ఇద్దరూ ఒక్కటయ్యాక తిరగేసిన దండం అనాథ అయిపోయింది. ఇద్దరికీ అది పనికిరాదు, ఇద్దరికీ అది గుర్తుండకూడదు. అందుకే మొదట్లో చెప్పిన ఆ ప్రకటన మైకులో వచ్చింది. విచారణ నివేదిక ఏమైందని నేను అడిగితే, నివేదిక కూడా పార్టీ మారిందని ఆ గుమాస్తా అన్నాడు.

ఐక్యతా సభ జరిగింది. రెండు వర్గాలనూ కలిపిన మహిళగా సుంకులమ్మను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు. జనం వైపు తిరిగి, మండలం మొత్తం చూసేలా ఒక సీదా దండం పెట్టమన్నారు. ఆమె చేతులు జోడించింది.

దండం కుదరలేదు. నాలుగు వేళ్లు పైకి లేచాయి గానీ కుడి బొటనవేలు లేవలేదు. అది అరచెయ్యి పక్కన వాలిపోయింది. దాని కింద కండ ఉండాల్సిన చోట గుంట పడింది. రెండు అరచేతుల మధ్య ఒక సందు మిగిలింది, అందులోంచి వేదిక మీద ఉన్న పెద్దల కుర్చీలు కనబడుతున్నాయి. ఇది సీదా దండమా, తిరగేసిన దండమా అని జనంలో గుసగుసలు మొదలయ్యాయి. ముందు వరసలో కూర్చున్న కొత్త డాక్టరు చైతన్య లేచి దగ్గరికి వచ్చాడు. ఆయన కూడా మంచి పిల్లవాడే, వచ్చి పది రోజులు కాలేదు. చెయ్యి పట్టుకోవాల్సిన అవసరం కూడా లేకపోయింది.

"దీనికి ఇంగ ఏ పరీక్షా అక్కర్లేదు," అన్నాడు మెల్లగా. "యాడ నుంచి చూసినా తెలుస్తాది."

మైకు దగ్గరగా ఉండటంతో ఆ మాట అందరికీ వినబడింది. దేవేంద్రప్ప గారు వెంటనే లేచారు.

"విన్నారా! ఒకప్పుడు ఈ రోగం కనుక్కోవాలంటే కర్నూలు పోవాలి, యంత్రాలు కావాలి, తలకిందుల దండాలు కావాలి. ఈరోజు ఏ పరీక్షా లేకుండా, దూరం నుంచి చూసి రోగం చెప్పగలిగే స్థాయికి మన మండలం ఎదిగింది! ఇది మన ఐక్యత సాధించిన విజయం!"

రంగనాథ్ గారు అందరికంటే ముందుగా చప్పట్లు కొట్టారు.

తర్వాత చైతన్య పట్టుబట్టి సుంకులమ్మను కర్నూలు పంపించాడు. ఆపరేషన్ అయింది. అదే రోజు ఇంటికి వచ్చింది. సూదిపోట్లు పోయాయి, నిద్రపడుతున్నది. కండ మాత్రం తిరిగి రాలేదు. డాక్టరమ్మ చెప్పింది చెప్పినట్టే జరిగింది కాబట్టి వైద్యశాస్త్రం గెలిచినట్టే అనుకోవాలి. ఇప్పుడు సుంకులమ్మ జాకెట్టు గుండీలు కోడలు పెడుతుంది. తల కోడలే దువ్వుతుంది. కొట్టులో ఆమె ఎడమచేత్తో నీళ్లు పోస్తుంది, ఎడమచేత్తో నీళ్లు ఇచ్చిందని మాలో కొందరు మొదట్లో నొచ్చుకున్నారు గానీ, పెద్దమనసు చేసుకొని సర్దుకున్నాం.

రొట్టెలు శివలీల తడుతున్నది. ఆ పిల్ల చెయ్యి మంచిది. అంచు చీలకుండా, పున్నమి చంద్రుడిలాగా వస్తున్నాయి. అత్తకంటే బాగున్నాయని ఒకరంటే, అత్త తట్టినంత బాగున్నాయని ఇంకొకరన్నారు. ఐక్యత తర్వాత బెంచీలు కూడా కలిపేశారు, ఇప్పుడు ఎదురుబొదురు కూర్చొని తింటున్నాం.

మొన్న జనం ఎక్కువగా ఉన్న వేళ, శివలీల ఒక రొట్టె పెనం మీద వేసి, చెయ్యి గాలిలో రెండుసార్లు విదిలించింది. నీళ్లు దులుపుకుందేమో అనుకున్నాను. చేతికి నీళ్లు లేవు. సుంకులమ్మ చెంబు పట్టుకొని నిలబడిపోయింది.

"ఏమ్మే, చిటికెనేలికి గుడక ఉండాదా?" అని అడిగింది.

"లేదత్తా," అంది శివలీల, ఇంకో ముద్ద చెక్క మీద పెడుతూ. "ఆ ఒక్కదానికే లేదు."

బెంచీల మీద ఉన్న అందరం విన్నాం. దేవేంద్రప్ప గారు విన్నారు, రంగనాథ్ గారు విన్నారు, ఏసేపు విన్నాడు. చిటికెనవేలి సంగతి ఇప్పుడు ఈ మండలంలో తెలియనివాళ్లు లేరు. దండం తిరగేసి పెట్టించి చూద్దామంటే అది నిషేధం. ఇంతలో పెనం మీద రొట్టె పొంగింది. గుండ్రంగానే ఉంది. కాబట్టి నేను ఇంకోటి వేయమన్నాను.